ఆ ఏడాది మోగిన మా పాట

2020లో వచ్చిన తెలుగు పాటల్లో నీకు బాగా నచ్చినవేవి అని ఎవరైనా అడిగితే తడుముకోకుండా రెండు పేర్లు చెప్తాను. ఒకటి, జనవరి 12న విడుదలైన ‘అల వైకుంఠపురములో’ సినిమాలోని ‘సిత్తరాల సిరపడు’. రెండోది, మార్చి 6న వచ్చిన ‘పలాస 1978’లోని ‘నక్కిలీసు గొలుసు’. ఆ ఏడు తెలుగువాళ్లందరి నోటా మొదటి సినిమాలోదే అయిన ‘బుట్టబొమ్మ’ ఆడింది, నేనూ పాడుకున్నాను. అది మంచి పాట. అయితే శ్రీకాకుళం జిల్లాలోని టెక్కలి, పలాస, ఉద్దానం మనుషులకు ఆ రెండు పాటలూ వేరే సంగతి. మా అమ్మవారి పండగల్లో, ఉడుపుల మడుల్లో, జీడిపిక్కల కార్ఖానాల్లో పుట్టి పెరిగిన నడక అది. అది హైదరాబాద్ స్టూడియోదాకా వెళ్లి, అక్కణ్నుంచి అమెరికాలో పెళ్లి సంగీత్‌లదాకా చేరింది. శ్రీకాకుళం యాసంటే హాస్య పాత్రకు తగిలించే తోక అనుకునే రోజులు పోయి, ఆ యాసలో ఉన్న పాటకే జనం లేచి ఆడిన ఏడాది అది.

‘యాస బాగుంది, ఊపు బాగుంది’ అని చాలామంది మెచ్చుకున్నారు. సంతోషమే. కానీ ఆ ఊపు ఎక్కణ్నుంచి వస్తోందో చూడాలి. దానికొక పనితనం ఉంది.

ముందు ఆ పాటల పేర్లే చూడండి. ‘సిత్తరాల’ అనే మాటను విడదీస్తే గురువు, లఘువు, గురువు, లఘువు. ‘నక్కిలీసు’ను విడదీసినా అదే వరస. వంగపండు ప్రసాదరావు ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ తీసుకుని అందులో ‘ఎల్దమొస్త’ దగ్గర ఆగితే అక్కడా గురువు, లఘువు, గురువు, లఘువే. మూడు పాటల పుట్టుకలు వేరు, కాలాలు వేరు, చెప్పే సంగతులు వేరు. అడుగు మాత్రం ఒకటే. ఛందస్సు చదివినవాళ్లు ఈ గురువు లఘువుల జంటను హగణం అంటారు. మూడు లఘువులైతే నగణం. ఈ రెండూ కలిసి సూర్యగణాలు. ‘గొలుసు’ అచ్చమైన నగణం. అంటే ‘నక్కిలీసు గొలుసు’ అన్న రెండు మాటల్లో మూడు సూర్యగణాలు పక్కపక్కన నిలబడ్డాయి. ఇలాంటివి ఏడు పేర్చి చివర ఒక గురువు పెడితే మన పద్యకవులు దానికి ‘ఉత్సాహ’ అని పేరు పెట్టారు. ఎంత తగిన పేరు!

మడిలో ఆకు నాటే ఆడమనిషి లక్షణ గ్రంథం చదివి పాడలేదు. ఒంటికి ఆ అడుగు ఎలా అలవాటైందో చూస్తే కారణం తెలుస్తుంది. మూడు మాత్రల్లో మొదటి రెండూ బరువు, మూడోది తేలిక. గజ్జె కట్టిన కాలు నేల మీద దిగేది బరువు మీద, మడమ లేచేది తేలిక మీద. వంగి నాటేటప్పుడు నారు మట్టిలో దిగేది బరువు మీద, చెయ్యి వెనక్కి వచ్చేది తేలిక మీద. నాలుగు మాత్రల నడకలో మనిషి కవాతు చేసినట్టు నిటారుగా పోతాడు. మూడు మాత్రల నడకలో నడుము ఊగకుండా ఉండదు. డాన్స్ నేర్పే మాస్టరు అక్కర్లేకుండానే ‘నక్కిలీసు గొలుసు’కు జనం ఆడేశారంటే సగం గొప్పతనం ఆ గణానిదే.

మిగతా సగం యాసది. ‘చెప్పేశాడు’ అనండి. వరసగా మూడు గురువులు పడి మాట బరువుగా కూర్చుంటుంది. అదే మా వైపు ‘సెప్పీసినాడు’ అంటాం. రెండు గురువుల తరవాత ఒక లఘువు దూరి, మళ్లీ గురువు, మళ్లీ లఘువు. మాట దానంతట అదే గెంతుతుంది. ‘వచ్చేశాడు’, ‘వొచ్చీసినాడు’ కూడా అంతే. పైగా ఆ ‘ప్పీ’, ‘చ్చీ’ల దగ్గర గొంతు సాగదీసుకోవడానికి చోటు దొరుకుతుంది. ‘చెట్టు’ను ‘సెట్టు’ అనడంలోనూ ఒక సుఖం ఉంది. ‘చ’ దగ్గర నాలుక ఊపిరిని ఒక్క క్షణం కట్టేస్తుంది, ‘స’ దగ్గర ఊపిరి పారుతూనే ఉంటుంది. ఎండలో పని చేస్తూ పాడే మనిషికి ఊపిరే పెట్టుబడి. కాబట్టి యాసను పాట మీద చల్లిన మసాలా అనుకోకూడదని నా గట్టి అభిప్రాయం. ఆ పాటను ‘శుద్ధమైన’ తెలుగులోకి మార్చి పాడి చూడండి, తాళం తప్పిపోతుంది.

ఇక వంత. శ్రీకాకుళం పాట దాదాపు ఎప్పుడూ ఒంటరిది కాదు. ముందు పాడే మనిషి చరణం చివరి మాటను వెనకవాళ్లకు అందిస్తాడు. ఆ మాట పూర్తి కాకముందే వాళ్లు అందుకుంటారు. రెండు గొంతులు ఒక్క క్షణం ఒకదాని మీద ఒకటి పడే ఆ చోటే పాటకు ప్రాణం. వంత పాడుతున్నంతసేపు ముందు మనిషికి ఊపిరి పీల్చుకునే వ్యవధి, తరవాతి చరణం అల్లుకునే వ్యవధి దొరుకుతాయి. కాగితం ఉండదు. పండగ చేయించే ఊరి పేరు, ముందు వరసలో కూర్చున్న బావ పేరు, పొద్దున సంతలో జరిగిన గొడవ, ఏదైనా అందులోకి వచ్చి కూర్చోవచ్చు. కోటబొమ్మాళి కొత్తమ్మతల్లి జాతరలో ఒక పాట ఒక రాత్రి ఉన్నట్టు మరో రాత్రి ఉండకపోవడానికి కారణం ఇదే. రికార్డు చేసిన పాటలో ఈ వెసులుబాటు పోతుంది. దొరికిన ఒక్క రూపమే శాశ్వతమైపోతుంది. అది నష్టమే. కానీ ఆ ఒక్క రూపమైనా దొరకని పాటలు మా ఊళ్లలో ఎన్ని మట్టిలో కలిసిపోయాయో తలచుకుంటే, రికార్డు చేసినవాళ్లకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

వాయిద్యాల్లో జముకు గురించి కాస్త నిదానంగా చెప్పాలి. డొల్లగా ఉండే గుండ్రటి బుర్ర, దానికి ఒక వైపు తోలు మూత, రెండో వైపు ఖాళీ. తోలు నడిమధ్య నుంచి ఒక నరం తీగ బయటికి వస్తుంది, దాని కొసకు చిన్న కర్ర ముక్క. బుర్రను చంకలో ఇరికించి, ఒక చేత్తో కర్ర పట్టుకుని తీగను బిగిస్తూ వదులుతూ, రెండో చేత్తో మీటుతారు. బిగిస్తే స్వరం పైకి, వదిలితే కిందికి. మెట్లుమెట్లుగా కాదు, జారుతూ. అందుకే అది మోగినట్టుండదు, పక్కన కూర్చున్న ముసలాయన కథకు ఊకొడుతున్నట్టుంటుంది. దరువూ అదే వేస్తుంది, శ్రుతీ అదే ఇస్తుంది, కథకుడి ప్రశ్నకు జవాబూ అదే చెప్తుంది. ఒక్క వాయిద్యంతో మూడు పనులు చేయించుకున్న పేదవాళ్ల తెలివి అది. జముకుల కథ చెప్పేవాళ్లు అమ్మవార్ల కథలు తెల్లవార్లూ నడిపేది దీని మీదే. ఈ జారుడు కంప్యూటర్ కీబోర్డు మీద అంత సులువుగా రాదు. ఈ మధ్య మా వైపు బాణీలని చెప్పి వస్తున్న చాలా యూట్యూబ్ పాటల్లో డప్పు ఉంటోంది, జముకు ఉండటం లేదు. వినగానే ఏదో తగ్గినట్టనిపించేది అందుకే.

తప్పెటగుళ్లదీ ఇలాంటి పనితనమే. యాదవుల కళ అది. రేకుతో చేసిన గుండ్రటి తప్పెటను గుండె మీద కట్టుకుని రెండు చేతులతో వాయిస్తారు, కాళ్లకు గజ్జెలు, నోట్లో పాట. వాయించేవాడు, ఆడేవాడు, పాడేవాడు ఒక్కడే. అంత ఎగురుతూ పాడేవాడు దీర్ఘ సమాసాలు పలకలేడు. కాబట్టి పాదాలు పొట్టిగా, మాటలు విడివిడిగా ఉంటాయి. మా పాటల్లో మాట తేలిగ్గా నోటికి ఎక్కడానికి ఇదొక కారణం.

ఇప్పుడు మళ్లీ ఆ రెండు పాటల దగ్గరికి. ‘సిత్తరాల సిరపడు’ రాసింది విజయ్ కుమార్ భల్లా, సంగీతం తమన్, పాడింది సూరన్న, సాకేత్ కొమండూరి. తెర మీద కొట్లాట నడుస్తుంటే వెనక ఈ పాట. సినిమా చూసేదాకా ఇలాంటి పాటొకటి ఉందని చాలామందికి తెలియదు. నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది సూరన్న గొంతును అలాగే ఉండనివ్వడం. నేర్చుకున్న యాసకూ పుట్టిన యాసకూ తేడా అక్షరాల్లో ఉండదు, అక్షరానికీ అక్షరానికీ మధ్య విరుపులో ఉంటుంది. ఎంత గొప్ప గాయకుడైనా ఆ విరుపును అరువు తెచ్చుకోలేడు. పెద్ద హీరో సినిమాలో, సంక్రాంతి పూట, మా వైపు మనిషి గొంతు సన్నబడకుండా, నునుపెక్కకుండా వినిపించింది. పాట కింద మోగే దరువులు కొంచెం తక్కువైతే వంత ఇంకా బాగా వినపడేదని అనిపిస్తుంది గానీ, థియేటర్ పాటకు ఆ హోరు కావాలేమో.

‘పలాస 1978’ ఇంకా దగ్గరి సంగతి. దర్శకుడు కరుణ కుమార్‌కు అది మొదటి సినిమా. పలాస జీడిపప్పు వ్యాపారం, దాని చుట్టూ షావుకార్ల పెత్తనం, ఆ నీడలో బతికే దళిత కళాకారులైన అన్నదమ్ముల కథ. సంగీతం చేసిన రఘు కుంచె అదే సినిమాలో ప్రతినాయకుడిగా నటించారు. జీడి జిడ్డుకు చేతులు నల్లబడిన ఊరిలో, పాటే ఆస్తిగా ఉన్న మనుషుల గురించిన సినిమాలో ‘నక్కిలీసు గొలుసు’ అనే పాట రావడంలోనే ఎంతో ఉంది. మా ఆడవాళ్ల పాటల్లో నగలు ఊరికే రావు. లేని నగను పాటలో పెట్టుకోవడం, ఉన్న నగ పేరు చెప్పి బావను ఆటపట్టించడం, ఒక్కో వస్తువు పేరూ చేరుస్తూ పాటను పొడిగించడం పాత పద్ధతి. సినిమా విడుదలైన కొద్దిరోజులకే కరోనా వచ్చి థియేటర్లు మూతపడ్డాయి. సినిమాకు దెబ్బే. పాట మాత్రం ఆగలేదు. టిక్‌టాక్‌లో మామూలు మనుషులు తమ ఇళ్ల ముందు, పెరట్లో దానికి ఆడారు. జూన్ నెలాఖరున టిక్‌టాక్‌ను ప్రభుత్వం నిషేధించేనాటికి ఆ పాట ప్రచారం ఎవరి చేతుల్లోనూ లేదు, జనం చేతుల్లోకి వెళ్లిపోయింది. ఆరుబయట పుట్టిన బాణీ తిరిగి ఆరుబయటికే చేరింది.

అదే ఏడాది ఆగస్టు 4న వంగపండు పోయారు. 1943లో పార్వతీపురం దగ్గర పెదబొండపల్లిలో పుట్టిన మనిషి. 1972లో జననాట్యమండలి మొదలుపెట్టినవాళ్లలో ఒకరు. ‘ఏం పిల్లడో ఎల్దమొస్తవా’ 1986లో ‘అర్ధరాత్రి స్వతంత్రం’ సినిమాకెక్కక ముందే ఊళ్లను కదిలించింది. ఆయన చేసిన గొప్ప పని ఏమిటంటే, ఆడుకునే బాణీనీ, ఆడపిల్ల మగపిల్లాడిని పిలిచే పాత వరసనీ అలాగే ఉంచి, లోపల పోరాటం కబురు పెట్టడం. ఆయనకంటే ముందు బొడ్డపాడు పూజారి సుబ్బారావు పాణిగ్రాహి జముకుల కథతో అదే చేశాడు. అమ్మవారి కథకు కట్టిన చట్రంలో భూమి కథ చెప్పాడు. 1969 డిసెంబరులో ఆయన ప్రాణం తీశారు. ఇంకా వెనక్కి వెళ్తే, సహాయ నిరాకరణ రోజుల్లో ఒక్క పాటకు జైలుకు వెళ్లిన గరిమెళ్ల సత్యనారాయణదీ ఈ జిల్లాయే. రేడియో లేదు, ఫోను లేదు, అయినా ఆ పాట ఊరూరూ తిరిగింది. పాట పాడితే ప్రభుత్వాలు ఉలిక్కిపడిన నేల ఇది. అందుకే మా పాటను ‘మాస్ బీట్’ అని ఒక్క మాటలో తేల్చేస్తే మనసుకు కష్టంగా ఉంటుంది.

ఇంకో కష్టం కూడా చెప్పాలి. ‘సాహిత్యం: జానపదం’ అని రాసేయడం. జానపదమంటే ఎవరూ కట్టకుండా గాలికి పుట్టింది కాదు. ఎవరో ఒక అవ్వ, ఎవరో ఒక జముకు వాయించే తాత ఆ మాటను మొదట అన్నారు, ఇంకెవరో దానికి వంత చేర్చారు. మొదటి పేరు దొరక్కపోవచ్చు. ఇప్పుడు ఎవరి నోట విని తెచ్చుకున్నామో ఆ మనిషి పేరు, ఆ ఊరి పేరు మాత్రం దొరుకుతాయి. వాటిని తెర మీద వేయాలి, వచ్చిన డబ్బులో వాటా ఇవ్వాలి. సినిమావాళ్లే కాదు, సొంత ఛానెల్ పెట్టుకుని పాటలు చేస్తున్న మా కుర్రాళ్లు కూడా ఇది పాటించాలి. 2020 జనవరిలోనే మందరాడకు చెందిన రంగస్థల నటుడు యడ్ల గోపాలరావుకు పద్మశ్రీ ప్రకటించారు. పద్యనాటకానికి దక్కిన ఆ గౌరవం చూసి జిల్లా పొంగిపోయింది. జముకు, తప్పెట పట్టుకున్న చేతులకూ అలాంటి రోజులు రావాలి.

ఆ తరవాతా పాటలు వస్తున్నాయి. 2025 ఫిబ్రవరిలో వచ్చిన ‘తండేల్’ ఈ జిల్లా మత్స్యకారుల కథే. బతుకుతెరువు కోసం గుజరాత్ వెళ్లి, 2018లో పాకిస్తాన్ చేతికి చిక్కి, 2020 జనవరిలో ఇల్లు చేరిన మనుషుల కథ. దేవిశ్రీ ప్రసాద్ చేసిన ‘బుజ్జితల్లి’ చెవికి ఎంతో ఇంపైన పాట. అయినా నా ఓటు ‘హైలెస్సో హైలెస్సా’కే. అలివి వల లాగేవాళ్లు ఒకడు కేక వేస్తే అందరూ బదులు పలికి, ఆ బదులు మీదే తాడు గుంజుతారు. కేకలో ఊపిరి, బదులులో బలం. వంత పుట్టిన చోటు బహుశా అదే. 2020 చివర్లో స్కాట్లాండ్‌లో ఉత్తరాలు పంచే నేథన్ ఎవాన్స్ పాత ఓడ పాట ‘వెల్లర్‌మ్యాన్’ పాడి టిక్‌టాక్‌లో పెడితే, 2021 మొదట్లో ప్రపంచమంతా వంత కలిపింది. ఎక్కడెక్కడి మనుషులో తమ గొంతులు ఒక్కొక్కటిగా దాని మీద చేర్చుకుంటూ పోయారు. మన రేవుల్లో, భావనపాడు నుంచి బారువ దాకా, అలాంటి పాటలు ఇంకా నోళ్లలో ఉన్నాయి. ఫోను ఉన్న ప్రతి కుర్రాడూ వాళ్ల తాత దగ్గర కూర్చుని ఒక్కటి రికార్డు చేస్తే చాలు. పాట మొదట్లో తాత పేరు, ఊరి పేరు ఆయన నోటే చెప్పించాలి.