నాడీశబ్దవిచారము

రాజవొమ్మంగి మన్యమున రోగి వైద్యుని యెదుటఁ గూర్చుండి నాడి చూడుఁడని ముంజేయి చాఁచును. ఆ మాటకు మణికట్టుకడఁ గొట్టుకొను స్పందనమే యర్థము. పట్టణపు వైద్యశాలలో నాడీమండల మనఁగా మెదడునుండి దేహమెల్ల వ్యాపించు జ్ఞానతంతువుల సముదాయము. హఠయోగగ్రంథమును జదువువానికి నాడి ప్రాణవాయువు సంచరించు మార్గము. ఒక్క శబ్ద మిట్లు మూఁడర్థములను మోయుచుండఁగా, చీనావైద్యమును గుఱించి తెలుఁగున వ్రాయువారు సూదివైద్యమునందలి మార్గములకును నాడులనియే పేరిడి నాలుగవ బరువును దానిపై నుంచుచున్నారు. ఇందువలన యోగశాస్త్రమును జీనావైద్యమును నొకే దేహమార్గములను జెప్పుచున్నవను భ్రాంతి కలుగుచున్నది. ఆ భ్రాంతి యెంతవఱకు నిలుచునో శబ్దమూలమునఁ బరీక్షింపఁదగును.

నాడీశబ్దమునకు మూలము నడము. అది లోపల బోలుగా నుండు రెల్లుజాతి కాఁడ. ఋగ్వేద దశమమండలమున నాళీశబ్ద మూఁదెడు గొట్టమునకుఁ బేరు. అమరసింహుఁడు నాడీ, ధమనీ, సిరాశబ్దములను బర్యాయములుగాఁ బఠించెను. చరకుఁడు మాత్రము వ్యుత్పత్తినిబట్టి వేఱుచేసెను: ధ్మానము, అనఁగా నూఁదుట, వలన ధమని, స్రవణమువలన స్రోతస్సు, సరణమువలన సిర. సుశ్రుతుఁడు నాభి మూలముగా 700 సిరలను, 24 ధమనులను లెక్కించి, తోఁటను నీటికాలువలవలె సిరలు దేహమును బోషించు ననెను. ఛాందోగ్యమున హృదయనాడులు 101, హఠయోగప్రదీపికలో నాడులు 72,000, శివసంహితలో 3,50,000. సంఖ్యలే యిట్లు భేదించుచుండుటవలన, యోగమునందలి నాడి శస్త్రముతోఁ గోసి లెక్కించిన వస్తువు కాదనియు, ఆయా శాస్త్రముల ప్రయోజనమునుబట్టి యేర్పడిన సంజ్ఞ యనియుఁ దేలుచున్నది.

చీనాభాషలో సూదివైద్యపు మార్గములకు జింగ్‌మై యని పేరు. జింగ్ అనఁగా మగ్గముమీఁది పడుగునూలు. బౌద్ధగ్రంథములు చీనాభాషలోనికిఁ బరివర్తింపఁబడినపుడు సూత్రశబ్దమునకును నీ మాటయే వాడఁబడెను. రెండుచోట్లను నూలే మూలార్థ మగుట వైయాకరణులకు ముచ్చట గొలుపును. ఇఁక మై యనునది తెలుఁగున మేనికిఁ బర్యాయమైన శబ్దము కాదు. అది రక్తము పాఱు మార్గమునకును, మణికట్టుకడఁ దోఁచు స్పందనమునకును సమానముగాఁ జెల్లు చీనాశబ్దము. ఈ ద్వ్యర్థతయందు మై నాడికిఁ దోఁబుట్టువు, జింగ్ కాదు. నాడి లోపల వహించుదానిని సూచించును. జింగ్ దేహమును నిలువునఁ గూర్చు క్రమమును సూచించును. ఫ్రాన్సుదేశీయుఁడగు సూలియే ద మొరాఁ దీనిని మెరిడియన్, అనఁగా భూగోళముపై ధ్రువమునుండి ధ్రువమునకు గీయు రేఖ, యని యనువదించుటతోఁ బ్రవాహార్థమే జాఱిపోయెను.

చీనావైద్యమునకుఁ బ్రమాణమైన హువాంగ్‌డీ నైజింగ్ అంతరవయవములతో ముడివడిన 12 ప్రధానమార్గములను జెప్పి వానిని 12 నదులతోఁ బోల్చినది. అయినను క్రీస్తునకు ముందు 168వ యేఁట మూయఁబడి 1973లోఁ ద్రవ్వి తీయఁబడిన మావాంగ్‌డుయి సమాధిలోని పట్టువ్రాఁతలలో మార్గములు 11 మాత్రమే. అచటను లెక్క కాలక్రమమునఁ బెరిగినదే. ఆ వైద్యమున చి యను ప్రాణశక్తి మార్గములలో నెడతెగక తిరుగుట యారోగ్యము; ఆఁగుట రోగము. హఠయోగి కోరునది వేఱు: ఇడాపింగళలలోని సంచారమును మాన్పి ప్రాణమును సుషుమ్నలోఁ బ్రవేశపెట్టుట. చికిత్సయందును భేదము స్పష్టము. నేఁడు ప్రపంచ ఆరోగ్య సంస్థ యంగీకరించిన 361 బిందువులు సూది గ్రుచ్చుట కేర్పడినవి. సుశ్రుతుని 107 మర్మములు శస్త్రము తగులకుండఁ గాపాడవలసినవి.

వెన్నువెంటఁ బోవు డూమై సుషుమ్నయే యని కొంద ఱందురు. చీనాదేశపు సాధకులు శక్తిని వెన్నువెంట నెక్కించి దేహపు ముందుభాగమున దింపుదురు గావున నీ వాదమునకుఁ గొంత బలము కలదు. కాని యది వలయము, ఎక్కినది దిగివచ్చును. సుషుమ్నామార్గము బ్రహ్మరంధ్రమునఁ బరిసమాప్తము. పోలిక నొప్పుకొనవచ్చును, అభేదము నొప్పుకొనరాదు.

ఒకరియొద్దనుండి యొకరు గ్రహించిరా యను ప్రశ్నయును గలదు. ఏడవ శతాబ్దిని భారతదేశమునకు వచ్చిన ఈజింగ్ అను భిక్షువు, సూదివైద్యమునను నాడి పట్టి చూచుటయందును జంబూద్వీపమునఁ జీనాను మించినది లేదని వ్రాసెను. చరకసుశ్రుతుల సంహితలలో నాడీపరీక్షావిధానము లేదు. తరువాతిదగు శార్ఙ్గధరసంహితలోఁ గనఁబడును. తెలుఁగుదేశమున సంస్కృతాంధ్రములు కలసిన బసవరాజీయము 25 ప్రకరణముల గ్రంథమై మొదటనే నాడీపరీక్షను జెప్పినది. ఇంతమాత్రమున నా విద్య చీనానుండి వచ్చినదని నిశ్చయింపరాదు. యోగి తలఁచు నాడియు వైద్యుఁడు పట్టి చూచు నాడియు నొకే చరిత్ర కలవి కావని మాత్రము చెప్పవచ్చును.

రాజవొమ్మంగి కొండలలో గెడ్డ తనంతఁ దాను దారి చేసికొని దిగును. పొలమునకుఁ గాలువను మనుష్యుఁడు త్రవ్వును. రెంటను నీరే పాఱినను, గెడ్డను గాలువ యని యచటి రైతు పిలువఁడు. అనువాదకున కంతపాటి వివేకము చాలును. మై యున్నచోట నాడి యనవచ్చును. జింగ్ ఉన్నచోట నా పేరునే యుంచి పడుగువంటి మార్గమని వివరించుట మేలు. ఏలయన, సూది గ్రుచ్చించుకొను రోగి తన జ్ఞానతంతువునే గ్రుచ్చుచున్నారని భయపడినను, యోగాభ్యాసి సూదిమొనతో సుషుమ్న తెఱచుకొనునని యాశపడినను, ఆ దోషము శాస్త్రములది కాదు, పేరు పెట్టినవానిది.