ఆవాహన వచ్చు, ఉద్వాసన రాదు

వినాయక చవితికి మా వీధి పంతులుగారు ఎంత తొందరలో ఉన్నా ఒక పని మాత్రం మానరు. నిమజ్జనానికి ఎత్తే ముందు విగ్రహాన్ని రెండు చేతులా పట్టుకుని, ఉన్నచోటి నుంచి కాస్త పక్కకి జరుపుతారు. అదే ఉద్వాసన. ఆవాహన చేసి పిలిచిన దేవుణ్ని ఇక వెళ్లిరండి స్వామీ అని మర్యాదగా సాగనంపడం. అది అయ్యేదాకా పిల్లలు ఎంత గోల చేసినా విగ్రహం గుమ్మం దాటదు.

ఫోన్‌ని టీవీకి కలిపే యంత్రాలు చేసినవాళ్లకి ఆవాహన కంఠతా వచ్చు. మూలన మూడు గీతలున్న చిన్న డబ్బా బొమ్మ నొక్కితే చాలు, అరచేతిలోని బొమ్మ గోడ మీదికెక్కి కూర్చుంటుంది. దించడం ఎలాగంటే మాత్రం ఒక్కో కంపెనీది ఒక్కో దారి. అందుకే ఏ స్టిక్కు ఎంత, దేని బొమ్మ ఎంత స్పష్టంగా ఉంటుంది అన్న పోలిక జోలికి నేను పోను. అవి దుకాణంవాళ్లు చెబుతారు. సాగనంపేటప్పుడు ఏది ఎలా ప్రవర్తిస్తుందన్నదే ఇక్కడ లెక్క.

ఈ ఆలోచన నాకు రామతీర్థంలో పుట్టింది. మా మేనత్తది ఆ ఊరే. రాష్ట్రం విడిపోయి భద్రాచలం తెలంగాణకి వెళ్లాక, ఆంధ్రాలో రాములవారి కల్యాణం ప్రభుత్వం తరఫున ఎక్కడ జరపాలన్న ప్రశ్న వచ్చింది కదా. మా అత్త అది తమ ఊరికే వస్తుందనుకుంది. 2015 నుంచి ఒంటిమిట్టకి వెళ్లింది. ఆ కినుక ఆవిడకి ఇప్పటికీ పోలేదు. కినుక ఉన్నా, మోకాళ్లు సహకరించక నవమి నాడు గుడికి వెళ్లలేదు కాబట్టి, ఇంట్లో కూర్చుని టీవీలో భద్రాచలం కల్యాణమే చూస్తుంది. గుడి మైకు కిటికీలోంచి వినపడేంత దూరంలో ఉండి మరీ. ఓ నవమికి టీవీ పెట్టే పని నా మీద పడింది. నా ఫోన్‌లో యూట్యూబ్ తెరిచి, టీవీకున్న స్టిక్కుకి కలిపి, పానకం తెద్దామని గుడికి బయల్దేరాను.

దారి మధ్యలో ఫోన్ మోగింది. "ఒరే బావూ, నువ్వెల్లిపోనావు గానీ టీవీ ఆగలేదురా. నీ ఫోన్లోదే కదా, నీతో రాలేదేటి?"

ఆవిడ అడిగినది చాలా మంచి ప్రశ్న. జవాబు చెప్పేలోపు రెండోది జరిగింది. పానకం గ్లాసుతో తిరిగొచ్చేసరికి టీవీలో జీలకర్ర బెల్లం పెట్టబోతున్న చెయ్యి గాల్లో ఆగిపోయి ఉంది. కిటికీలోంచి మా గుడి గట్టిమేళం, తెర మీద కదలని చెయ్యి. అత్త మనవడు, ఏడో తరగతి గుంటడు, గోడకానుకుని బిక్కమొహం వేశాడు. "నానేటీ సెయ్యలేదు. ఆట ఆడతంటే పైన అదే వొచ్చింది. నొక్కినాను." "ఒగ్గీరా, ముందా ఫోను ఒగ్గీ!" అని అత్త కేకలేసింది. చివరికి ఆవిడే లేచి ప్లగ్గు పీకేసింది.

ఇందులో గుంటడి తప్పేమీ లేదు. 'కాస్టింగ్' అనే ఈ పద్ధతిలో ఫోన్ బొమ్మని పంపదు, చీటీ మాత్రం పంపుతుంది. ఫలానా వీడియో ఫలానా చోట ఉంది, తెచ్చుకో అని. ఆ తర్వాత స్టిక్కే నేరుగా ఇంటర్నెట్ నుంచి లాక్కుంటుంది. హోటల్ కుర్రాడికి 'ఆ ఇంటికి నాలుగు టీలు' అని చెప్పి మనం బస్సెక్కేసినా టీలు ఆ ఇంటికి చేరతాయి, ఇదీ అంతే. కాబట్టి ఫోన్ జేబులో పెట్టుకుని వెళ్లిపోవడం విడిపోవడం కాదు. పైగా, అదే వైఫైలో ఉన్న మిగతా ఆండ్రాయిడ్ ఫోన్లన్నింటి మీదా ఆ వీడియోని ఆపే బటన్ ప్రత్యక్షమవుతుంది. ఉమ్మడి కుటుంబానికి ఒకటే రిమోట్ ఉంటే వచ్చే తగాదాలు మనకి తెలుసు. ఆరు ఫోన్లకి ఆరు రిమోట్లు, ఎవరి చేతిలో ఉన్నది రిమోటో వాళ్లకే తెలియని స్థితి ఇది. సెట్టింగ్స్‌లో గూగుల్ విభాగంలోకి వెళ్లి, కాస్ట్ ఆప్షన్లలో ఆ నోటిఫికేషన్‌ని ఆపుకోవచ్చు. ఏ ఇంట్లో ఎవరు ఆపుకున్నారు?

ఈ గుణం పుట్టుకతో వచ్చిందే. 2013 జులైలో గూగుల్ 35 డాలర్లకి క్రోమ్‌కాస్ట్ తెచ్చినప్పుడు దానికసలు రిమోట్ లేదు, ఫోనే రిమోట్ అన్నది దాని గొప్ప. 2014 డిసెంబరులో మన దేశానికి 2,999 రూపాయలకి వచ్చినప్పుడూ అదే మాట. ఫోన్ వెళ్లిపోతే టీవీకి పిడి ఉండదన్న సంగతి అప్పట్లో ఎవరికీ పట్టలేదు. రిమోట్‌తో కూడిన క్రోమ్‌కాస్ట్ రావడానికి 2020 దాకా ఆగాల్సొచ్చింది. 2017లో ఇక్కడికొచ్చిన అమెజాన్ ఫైర్ టీవీ స్టిక్కు రిమోట్ చేత పట్టుకునే దిగింది. ఈ ఒక్క విషయంలో నా ఓటు దానికే. ఎవరి ఫోన్ ఏ ఊరెళ్లినా ఇంట్లో ఉన్న ముసలావిడ హోమ్ బటన్ నొక్కి ఆపగలగాలి.

ఇక రెండో పద్ధతి, స్క్రీన్ మిర్రరింగ్. శామ్‌సంగ్‌లో స్మార్ట్ వ్యూ అంటారు, ఇంకో ఫోన్‌లో ఇంకో పేరు. చాలా ఫోన్లలో దీని వెనక ఉన్నది 2012లో వైఫై అలయన్స్ తెచ్చిన మిరాకాస్ట్. దీనికి రూటర్ కూడా అక్కర్లేదు, ఫోనూ టీవీ నేరుగా చేతులు కలుపుకుంటాయి. ఇక్కడ చీటీ లేదు. ఫోన్ తెర మీద ఏముంటే అది, ఉన్నదున్నట్టు, క్షణక్షణం వీడియోగా మారి టీవీకి పోతుంది. బ్యాటరీ కర్పూరంలా కరుగుతుంది. బొమ్మ అప్పుడప్పుడూ తడబడుతుంది. గూగుల్ తన సొంత ఫోన్లలోంచి మిరాకాస్ట్‌ని ఎప్పుడో తీసేసింది. ప్రదర్శన పరంగా చూస్తే కాస్టింగ్ ముందు ఇది నిలబడదు.

కానీ వెళ్లేటప్పుడు చూడండి. పైనుంచి తెర కిందికి లాగి ఆ గుర్తు మీద నొక్కితే టీవీ ఖాళీ. వైఫై ఆపితే ఖాళీ. ఫోన్ తీసుకుని వీధి చివరికి నడిస్తే, నాలుగు ఇళ్లు దాటేలోపే ఖాళీ. మా అత్త ప్రశ్నకి సరిగ్గా కుదిరే పద్ధతి ఇదే: నీ ఫోన్లోది నీతోనే పోతుంది. వెనక ఏమీ మిగలదు.

దీనికి చెల్లించే మూల్యమూ చిన్నది కాదు. మా చెల్లెలి పెళ్లి ఫొటోలు ఇలాగే పదిమందికి చూపిస్తుండగా, అప్పగింతల ఫొటో మీద అడ్డంగా బ్యాంకు నుంచి మెసేజీ వచ్చి పడింది, ఈ నెల వాయిదా కట్టలేదని. వియ్యపురాలు చదివింది. పైకే చదివింది. కాస్టింగ్‌లో ఇది జరగదు. అక్కడ టీవీకి తెలిసేది ఆ వీడియో ఒక్కటే. అంటే మొదటిదానికి మన గుట్టు కాపాడటం తెలుసు, మనల్ని వదలడం తెలీదు. రెండోదానికి వదలడం తెలుసు, గుట్టు తెలీదు. ఈ రెండింట్లో ఒకటి ఎంచుకోమంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను, మెసేజీలు మూగబోయేలా చేసే 'డు నాట్ డిస్టర్బ్' ముందే నొక్కుకుని.

వీటికంటే మొండిది మూడోది. దాన్ని జనం కలపడం కింద లెక్కేయరు కూడా. టీవీ మీద ఒక కోడ్ వస్తుంది, ఫోన్‌లో కొడతాం, లేకపోతే క్యూఆర్ స్కాన్ చేస్తాం, లేకపోతే నంబరిచ్చి ఓటీపీ చెబుతాం. పని అయిపోయిందనుకుంటాం. అత్త అల్లుడు, వరసకి నాకు అన్నయ్య, హైదరాబాద్‌లో ఉద్యోగం, ఓ సంక్రాంతికి వచ్చి అత్తగారి టీవీలో తన యూట్యూబ్ ఖాతా తెరిచాడు. కనుమ మర్నాడు వెళ్లిపోయాడు. ఖాతా ఉండిపోయింది. వేసవి వచ్చేసరికి ఆయన ఫోన్ తెరిస్తే తప్పెటగుళ్లు, హరికథలు, మోకాళ్ల నొప్పికి వాయింటాకు వైద్యం. ఆఫీసులో ప్రాజెక్టర్‌కి కలిపినప్పుడు అవే. ఇక్కడ అత్తకేమో షేర్ మార్కెట్, మూడువేల అడుగుల విల్లాలు. "అల్లుడు ఇల్లు కొనీస్తన్నాడేటే?" అని కూతురికి ఫోన్ చేసి అడిగింది. అల్లుడింట్లో ఆ రాత్రి ఏం జరిగిందో నాకు చెప్పలేదు.

ఈ బంధానికి ఫోన్ పక్కనుండక్కర్లేదు, ఆన్‌లో ఉండక్కర్లేదు, పగిలిపోయినా ఫర్వాలేదు. ప్లగ్గు పీకినా తెగదు, కరెంటు రాగానే అదే పేరు. తెంపాలంటే టీవీలోని యూట్యూబ్‌లో ఆ ఖాతా సైన్ అవుట్ చేయాలి, కోడ్‌తో కలిపి ఉంటే సెట్టింగ్స్‌లో లింక్ అయిన పరికరాలను తీసేయాలి. ఫైర్ స్టిక్‌కి అయితే ఖాతా విభాగంలోకి పోయి డీరిజిస్టర్ అనాలి. దూరంగా ఉన్నవాడికీ ఒక దారుంది: గూగుల్ ఖాతాలో భద్రత విభాగం కింద మన పేరుతో తెరిచిన పరికరాల జాబితా ఉంటుంది, అక్కణ్నుంచే తెంపొచ్చు. నెట్‌ఫ్లిక్స్ కూడా 2022లో ఇలాంటి జాబితా పెట్టింది, ఆ మరుసటి ఏడు మన దేశంలో పాస్‌వర్డు పంచుకోవడాన్ని కట్టడి చేసింది. డబ్బు పోతోందని తెలిసినచోట ఉద్వాసన ఎంత త్వరగా నేర్చుకున్నారో గమనించండి. ఆ కంపెనీయే 2025 చివర్లో చాలా టీవీలకి ఫోన్ నుంచి కాస్ట్ చేసే సౌకర్యాన్నే తీసేసింది. ఫోన్‌తో టీవీలో ఆప్‌ని తెరిపించే డయల్ అనే పద్ధతిని యూట్యూబ్‌తో కలిసి తయారుచేసిన కంపెనీ అది.

అడక్కుండా జరిగిన ఉద్వాసన కూడా ఒకటుంది. 2025 మార్చిలో రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు ఒక్కసారిగా ఫోన్లకి మొహం చాటేశాయి. లోపలున్న ఒక సర్టిఫికెట్ గడువు తీరిపోవడమే కారణం. గూగుల్ కొన్నాళ్లకి సరిచేసింది. పదేళ్ల కిందట కొన్న వస్తువు ఎప్పుడు సెలవు తీసుకోవాలో దాని పొట్టలోనే తేదీ రాసి ఉందన్నమాట. కొన్నవాడికి ఆ సంగతి తెలీదు.

వీటన్నిటికీ ముందున్న హెచ్‌డీఎంఐ తీగని ఇప్పుడు ఎవరూ లెక్కచేయరు. ల్యాప్‌టాప్‌కి గుచ్చితే వచ్చేది, పీకితే పోయేది. అంతకుముందు పసుపు, ఎరుపు, తెలుపు మూతుల తీగలూ అంతే. 2017 డిసెంబరులో ఏపీ ఫైబర్‌నెట్ మొదలై 149 రూపాయలకి టీవీ, నెట్, ఫోన్ ఒకే తీగలో ఇస్తామన్నప్పుడు చాలా ఊళ్లకి ఇంటర్నెట్ ఆ తీగ వెంటే గడప తొక్కింది. ఆ తీగతో వచ్చిన డబ్బాకి మన ఫోన్ ఎవరిదో తెలీదు. తెలుసుకోవాలని కూడా అనుకోలేదు.

భాష సంగతి కూడా చెప్పాలి. ఫోన్‌ని తెలుగులో పెట్టుకుంటే కాస్టింగ్ ఆపే బటన్ మీద 'ప్రసారాన్ని ఆపివేయి' అని ఉంటుంది. మా అత్తకి ప్రసారం అంటే ఆకాశవాణి. ప్రసారం ఆపడమంటే విశాఖ కేంద్రంవాళ్లు చేసే పని. "నానాపీస్తే ఊరందరికీ ఆగిపోదేటిరా?" అని వేలు వెనక్కి తీసుకుంది. నవ్వొచ్చింది గానీ, ఆవిడ తెలుగు సరైనదే, ఫోన్‌దే తప్పు. 'టీవీని వదిలేయి' అని రాసి ఉంటే నొక్కేది. ఉత్తరాంధ్ర వరకు 'ఒగ్గీ' అని రాసినా నాకు అభ్యంతరం లేదు. పక్కనే ఇంకోచోట 'డిస్‌కనెక్ట్' అని కనిపిస్తుంది. ఒకటి వీడియోని ఆపుతుందా, రెండోది ఫోన్‌ని మాత్రమే విడదీసి వీడియోని నడవనిస్తుందా అన్నది ఆప్‌ని బట్టి మారుతుంది. యూట్యూబ్‌లో విడదీసినా టీవీలో పాట సాగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

కాబట్టి నా తీర్పు ఇది. వెళ్లడంలో తీగ మొదటిది, మిర్రరింగ్ రెండోది, కాస్టింగ్ మూడోది. ఖాతా తెరవడం చివరిది, చాలా దూరంలో. సౌకర్యం లెక్కన చూస్తే ఈ వరస పూర్తిగా తిరగబడుతుంది, నాకు తెలుసు. ఆ లెక్కన రాసిన వ్యాసాలు బోలెడున్నాయి.

మొన్న రామతీర్థం వెళ్లినప్పుడు గుంటడి ఫోన్‌లో ఆ నోటిఫికేషన్ ఆపేశాను, టీవీలో నా ఖాతా తీసేశాను. అల్లుడిగారిది కూడా తీసేద్దామని రిమోట్ పట్టుకుంటే అత్త ఒప్పుకోలేదు. "ఉండనీరా, ఏటి సూస్తన్నాడో తెలుస్తాది" అంది. అది ఇంకా ఉంది.