ఎలీనా గ్రిమాల్డి చిత్రం: ఎర్రగొడుగు విలువ

పాత తైలవర్ణ చిత్రానికి వెల కట్టే వర్తకుడు మూడు విషయాలు చూస్తాడు: అది ఎవరి చేతిపని, రంగు చెడి తర్వాతివాళ్లు పైపూత పూశారా, ఎవరెవరి ఇళ్లు మారి వచ్చింది. ఇవి పనికిమాలిన విషయాలు కావు. అయితే విమర్శ వీటితోనే ఆగిపోతే బొమ్మలో ఏమున్నదో చూడకుండానే దానికి విలువ కట్టినట్లవుతుంది.

వాండైక్ 1623లో జెనోవా నగరంలో చిత్రించిన మార్కేజా ఎలీనా గ్రిమాల్డి కత్తానియో చిత్రాన్నే తీసుకుందాం. చిత్రకారుడికి అప్పటికి పాతికేళ్లు నిండలేదు. జెనోవా ప్రభువంశాలు కత్తికంటె వడ్డీని ఎక్కువ నమ్ముకున్నవి. స్పెయిను రాజులకే అప్పులిచ్చినవి. ఆ ధనం ఇక్కడ దాదాపు ఎనిమిదడుగుల ఎత్తున నిలబడింది. నల్లని దుస్తులలో మార్కేజా వసారాలోకి నడచివస్తున్నది. దిగంతరేఖ బాగా కిందికి దించటంవల్ల మనం ఆమె పాదాలదగ్గర నిలబడి తలెత్తి చూస్తున్నట్లుంటుంది. పక్కనున్న స్తంభాలు ఆమెను మరింత పొడుగు చేస్తాయి. నలుపుమీద నలుపు వేసి పట్టు మెరుపును రప్పించటం సామాన్యమైన పని కాదు.

ఆమె వెనక ఒక ఆఫ్రికన్ పరిచారకుడు ఎర్రగొడుగు పట్టుకుని వున్నాడు. ఆ గొడుగే ఆమె ముఖానికి ప్రభామండలం. అచ్చుప్రతిలో అతన్నీ గొడుగునీ అరచేత్తో కప్పి చూడండి: మిగిలేది ఖరీదైన బట్టలు కట్టిన ఒక యువతి మాత్రమే. ఆమె ఔన్నత్యాన్ని నిలబెట్టింది అతని చెయ్యి.

రూపవాదులు ఆ ఎరుపును “వర్ణ సమతౌల్యం” అని మెచ్చుకుని ఊరుకుంటారు. మనలో కొందరు తొందరపాటు విమర్శకులు “ప్రభువర్గపు సరుకు” అని చిత్రాన్నే అవతలకు నెట్టేస్తారు. ఇద్దరూ అతని ముఖం చూడరు. వాండైక్ చూశాడు. పైకెత్తిన ఆ ముఖం గుడ్డకు రంగు పూసినట్లు పూసింది కాదు. ఎదుట మనిషిని నిలబెట్టుకుని గీసింది. వాండైక్‌ను తిరుగుబాటుదారుణ్ణి చెయ్యాలని నా ఉద్దేశం కాదు. 1632లో ఇంగ్లండు రాజు మొదటి ఛార్లెసు కొలువులో చేరి “సర్” బిరుదు పుచ్చుకున్నవాడాయన. కాని కూలికి పట్టిన కుంచె అయినా నిజాన్ని చూడటం నేర్చుకున్న తర్వాత, కూలి ఇచ్చినవాడు అడిగినదానికంటె ఎక్కువే చెపుతుంది. ఈ చిత్రాన్ని గొప్పదనటానికి నాకు కనిపించే ముఖ్య కారణం అదే, పట్టు మెరుపు కాదు.

1942లో వైడెనర్ సేకరణతోపాటు ఈ చిత్రం వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీకి చేరింది. మార్కేజా పిల్లలిద్దరి చిత్రాలు కూడ అక్కడే వున్నాయి. కొడుకు ఫిలిప్పో చిత్రంమీద వాడి వయస్సు కూడ వ్రాసివున్నది. గొడుగు పట్టినవాడి పేరు మాత్రం చిత్రం పేరులో లేదు.