మడిచిన కాళ్ళు, తెరచిన తలుపు

నేలను విడిచిన విమానమునకు కాళ్ళతో పని లేదు; పని లేని కాళ్ళు గాలిలో వ్రేలాడుచుండుట వేగమునకు విఘ్నము, కంటికి వెలితి. గాలి కలిగించు నిరోధము వేగపు వర్గమును బట్టి పెరుగునది గనుక, గంటకు 200 కిలోమీటర్లతో పోవునపుడు సహింపదగిన ఆ కాళ్ళే, వేగము 400 కిలోమీటర్లకు చేరునప్పటికి నాలుగింతల బలముతో విమానమును వెనుకకు లాగును. అందుచేతనే 1930 దశకపు నిర్మాతలు చక్రములను రెక్కలలోనికో కడుపులోనికో ముడిచివేయు యంత్రములకై అంతగా తపించిరి. ఆ యంత్రములు పుట్టిన కొత్తలో ఎంత మొరటుగా నుండెడివో తలచుకొన్న నవ్వు వచ్చును: సోవియట్ దేశపు ఐ-16 లో వైమానికుడు ఒక పిడిని 44 మార్లు చేతితో త్రిప్పిననే గాని చక్రములు పైకి రావు, తొలినాటి స్పిట్‌ఫైర్‌లో కుడిచేత పంపు కొట్టుచు ఎడమచేత నడుపుకర్రను పట్టవలసి యుండుటవలన, కొట్టు చేతి ఊపు పట్టిన చేతికి సంక్రమించి, కొత్తవాని విమానము నేలను విడిచిన క్షణమునుండి తల ఎత్తుచు దించుచు పోయెడిది.

అంత ప్రయాసకు వారికి కారణమున్నది. హైదరాబాదు కోఠిలో, బ్యాంకు వీధి రొద వినవచ్చు మిద్దెగదిలో, నేను చేయుచున్న కిరణ్ నమూనాకు ఆ కారణము లేదు. హిందుస్థాన్ ఏరోనాటిక్స్ వారు బెంగుళూరులో రూపొందించిన అసలు కిరణ్ 1964 సెప్టెంబరు 4 న తొలిసారి ఎగిరినది. మన వాయుసేన విద్యార్థులు దశాబ్దములపాటు దానిమీదనే జెట్టు విద్య నేర్చిరి. 1996 లో బీదరు స్థావరముగా వెలసిన సూర్యకిరణ్ దళము 2011 వరకు దానితోనే విన్యాసములు చూపినది. దాని రెక్కల విస్తారము 10.7 మీటర్లు, నాది అందులో ఎనిమిదవ వంతు, రమారమి 134 సెంటీమీటర్లు, బరువు మూడు కిలోల చిల్లర. గంటకు నూరు కిలోమీటర్లను అరుదుగా దాటు ఈ పిట్టకు కాళ్ళు ముడుచుటవలన దక్కు వేగము స్వల్పము. ముడుచు మోటారులు, మరలు, వాటిని భరించు పలకలు తెచ్చు బరువు అనల్పము. లెక్క తెలిసినవాడెవడును ఈ బేరమునకు దిగడు. అయినను, ఉత్తరమున దుండిగల్, హకీంపేటల వైపు ఆకసములో కిరణ్‌ను చూచి పెరిగిన కన్ను, మూడు తీగకాళ్ళు వ్రేలాడదీసికొని పోవు నమూనాను కిరణ్ అని ఒప్పుకొనదు. కంటి కోరికకు బరువు రూపమున సుంకము చెల్లింపవలసినదే.

ఆ సుంకము అక్కడితో తీరదు. విమానము బరువు పదవ వంతు పెరిగినచో, అది పడిపోక నిలువగల కనిష్ఠవేగము ఇరువదవ వంతు పెరుగును. పైగా నా నమూనాకు ముందు ప్రొపెల్లరు లేదు, కడుపులో గొట్టమున తిరుగు విద్యుత్ పంకా కలదు. ప్రొపెల్లరైనచో మోటారు తగ్గించగనే గాలికి అడ్డుపడి తానే పగ్గము వేయును. గొట్టపు పంకాకు ఆ సుగుణము తక్కువ. కాళ్ళను దాచినకొలదియు నునుపెక్కిన దేహము, పెరిగిన బరువుతో, దిగవలసిన చోట దిగక మైదానము చివరి తుమ్మచెట్లవైపు జారిపోవును. కావున కాళ్ళు ముడుచుకొనువాడు ఎయిర్‌బ్రేకును కూడ పెట్టుకొనక తప్పదు. అసలు కిరణ్‌కును కడుపు క్రింద తలుపువంటి ఎయిర్‌బ్రేకు ఒకటి కలదు గనుక నా పని శాస్త్రీయమే గాక సంప్రదాయసిద్ధము కూడనని సంతోషించితిని.

సరంజామా సంగతి. గుజరాతీ గల్లీలో మైక్రోస్విచ్చులు, సన్నని సిలికాన్ తీగెలు, కనెక్టరులు, వేడికి ముడుచుకొను గొట్టములు దొరకును. ట్రూప్ బజారులో ఇత్తడి గొట్టములు, చిన్న మరలు. పుష్‌రాడ్‌కు సైకిలు ఊచను మించినది నేటివరకు నాకు కనబడలేదు. బాల్సా కర్ర మాత్రము మన ప్రాంతపుది కాదు, తెప్పించుకొనవలసినదే. ఆబిడ్స్ దాటి గన్‌ఫౌండ్రీ వైపు నడచునపుడెల్ల, ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 లో ఫిరంగులు పోత పోయించిన చోటు పక్కనుండి, జేబులో నాలుగు మిల్లీమీటర్ల ఉక్కుతీగతో పోవుచున్నానను తలపు నాకు కొంత వినోదము కలిగించును.

ముడుచు యంత్రముల జాతులు మూడు. మొదటిదానిలో సర్వో మోటారే అర్ధచక్రము తిరిగి తీగతో కాలిని లాగును. రెండవదానిలో చిన్న తొట్టెలో పంపుతో నింపిన గాలి గొట్టములగుండ పోయి ముషలకమును తోయును. మూడవది, నేడు బజారునంతయు ఆక్రమించినది, ఒక్కొక్క కాలికి ఒక్కొక్క బుల్లి మోటారు, దానికి మర చుట్టిన కడ్డీ, కడ్డీమీద ముందుకు వెనుకకు నడచు నట్టు గలది. గాలి యంత్రము చప్పుడు నాకిష్టమే గాని, దాని గొట్టపు కీళ్ళలో ఎక్కడ ఊపిరి జారుచున్నదో వెదకుటలో సాయంకాలములు హరించిపోవును.

జాతి ఏదైనను, మూడింటికిని ప్రాణమైనది ఒకే సూక్ష్మము. కాలు పూర్తిగా దిగినపుడు, లేక పూర్తిగా ముడిచినపుడు, తోయు కడ్డీయు, త్రిప్పు చేయియు ఒకే సరళరేఖపైకి వచ్చును. లేదా కాలి మొదటనున్న శీల, తాను నడచు గాడి చివర వంపులోనికి పోయి, భారము వచ్చు దిక్కునకు అడ్డముగా నిలుచును. ఆ స్థితిలో నేల చక్రమును ఎంత తన్నినను ఆ తన్ను మోటారును చేరదు. లోహమునుండి లోహమునకు, లోహమునుండి కర్రకు పోయి అణగును. తలుపునకు గడియ వేసిన పిమ్మట ఎవడును రాత్రంతయు చేయి అడ్డుపెట్టి నిలువడు గదా. మోటారు పని కాలిని చోటు చేర్చుటయే. భరించుట రేఖాగణితము పని. ఈ భేదము తెలియక, పెద్ద మోటారు కొన్నచో కాలు గట్టిగా నిలుచునని నమ్మి డబ్బు పోయు యువకులను గల్లీలో తరచు చూచుచున్నాను. అంగడివారు వారి నమ్మకమును చెడగొట్టరు.

విద్యుత్ కాళ్ళలో మరియొక విచిత్రము. వాటిని నడుపు చిన్న బోర్డునకు దూరము తెలియదు, ప్రతిఘటనము మాత్రమే తెలియును. నట్టు చివరకు చేరి ఇక పోలేనపుడు మోటారు ఎక్కువ కరెంటు త్రాగును. అది చూచి బోర్డు పని ముగిసినదని సరఫరా ఆపివేయును. చక్రము తన గూటి అంచునకు ఒక వెండ్రుకవాసి తగిలినను బోర్డు అదే గమ్యమని భ్రమించి సగములోనే విశ్రమించును. లాక్‌కు చేరని ఆ కాలు చూపునకు కాలే గాని నేలకు కాలు కాదు. కావున చక్రపు గూడును ఉదారముగా కోయవలెను. అందమునకై అంచును బిగించువాడు సాయంత్రము పొట్టమీద దించును.

ఇక బిగింపు. కొన్న యంత్రము ఎంత మంచిదైనను, అది కూర్చుండు పలకలు రెక్కలోని దూలమునకును, కనీసము రెండు పక్కటెముకలకును పట్టుబడి యుండనిచో, గడ్డినేలమీది మొదటి దిగుడులోనే పలకతో సహా ఊడి చేతికి వచ్చును. బాల్సా మెత్తన, ప్లైవుడ్ గట్టిది. ఈ రెండింటి సంధిలోనే రెక్కలు చీలును, కావున గట్టితనము ఒక్కసారిగా ఆగక దూలము పొడవున క్రమముగా పలుచబడవలెను. ప్రధానచక్రములు బరువు కేంద్రమునుండి దించిన నిలువుగీతకు కొంచెము వెనుక నుండవలెను: మరీ వెనుకనున్నచో ముక్కు లేవదు, మరీ దగ్గరైనచో తోకమీద కూలబడును. ముందునకు మడుచు కాలు బరువును ముందునకును, వెనుకకు మడుచునది వెనుకకును జరుపును గనుక, తూకము చూచుట కాళ్ళు ముడిచియే చూడవలెను; ఎగురునది ఆ స్థితిలోనే గదా.

కాళ్ళు ఏ దిక్కునకు ముడువవలెనను ప్రశ్నలో హైదరాబాదునకు ఒక విచిత్రమైన వారసత్వము కలదు. నిజాము ఇచ్చిన విరాళములకు గుర్తుగా బ్రిటిషు వాయుసేనలో కొన్ని దళములు ఈ నగరము పేర వెలసినవి. 1918 లో ఫ్రాన్సునకు పోయిన 110వ దళపు డిహెచ్-9ఏ విమానములకు కాళ్ళు కదలని కొయ్యబారినవే. 1940 నాటి బ్రిటన్ గగనయుద్ధములో మాత్రము, చిహ్నముగా నిజాము శిరస్త్రాణమునే ధరించిన 152వ హైదరాబాదు దళము స్పిట్‌ఫైర్‌లను, 253వ హైదరాబాదు రాష్ట్ర దళము హరికేన్‌లను నడపినవి. ఒకే నగరము పేరుగల ఆ రెండు దళముల విమానములు పరస్పరము వ్యతిరేకదిశలలో కాళ్ళు ముడుచుకొనెడివి. స్పిట్‌ఫైర్ కాళ్ళు దేహము చెంతనుండి పుట్టి బయటికి ముడుచును. నేలతాకుడు భారము రెక్క మొదటనే ఆగును గనుక పలుచని రెక్క దానిని సహించినది, కాని రెండు చక్రముల నడుమ ఎడము తగ్గి, నేలమీద నడకలో విమానము తూలెడిది. హరికేన్ రెక్క దళసరి, దాని కాళ్ళు దూరముగా పుట్టి లోపలికి, దూలమును తప్పించుటకై కొంత వెనుకకును, వాలుచు ముడుచును, నిలుకడ మిక్కుటము. నమూనా చేయువానికి హరికేన్ కాలి ఏటవాలు కోణమును పలకలో సాధించుట పరీక్షయే. కిరణ్ కాళ్ళు కూడ లోపలికే గాని, అంతటి వక్రత లేదు. నా వయసునకు అది చాలును.

ఎయిర్‌బ్రేకునకు వచ్చెదను. గ్లైడరులలో జర్మనీ షెంప్-హిర్త్ సంస్థ పేర ప్రసిద్ధమైన బ్రేకులు రెక్క పైతలమునుండి నిలువుగా లేచు పలకలు. అవి నిరోధమును పెంచుటతో తృప్తిపడక, రెక్క ఎత్తుబలమునే హరించును. రెక్క పైభాగమున పీడనము తక్కువ గనుక గాలి వాటిని సదా పైకి పీల్చుచుండును. ముడిచిన బ్రేకును పట్టి యుంచునదియు మరల ఆ ఒకే రేఖపై వచ్చు కడ్డీల లాక్ మాత్రమే. నిజమైన గ్లైడరులోనైనను అది పడలేదా, పరుగు మొదలిడిన పిమ్మట బ్రేకు తానుగా తెరచుకొనవచ్చును. కిరణ్ బ్రేకు స్వభావము ఇందుకు విరుద్ధము: ముందంచున కీలు గల తలుపు కడుపునుండి క్రిందికి తెరచుకొనును, గాలి దానిని మూయుటకే ప్రయత్నించును. ఇది చెడిపోయినను మూతపడియే చెడిపోవును గనుక సాధుజంతువు.

లెక్క చూడుడు. ఆరు సెంటీమీటర్ల వెడల్పు, ఎనిమిది సెంటీమీటర్ల పొడవు గల తలుపు నిటారుగా తెరచినచో, గంటకు 72 కిలోమీటర్ల వేగమున దానిమీద పడు బలము సుమారు 140 గ్రాముల తూకము. 108 కిలోమీటర్లకు అది 315 గ్రాములగును. కీలునుండి నాలుగు సెంటీమీటర్ల దూరమున ఆ బలము పనిచేయును గనుక, బజారులో దొరకు తొమ్మిది గ్రాముల సర్వో మొదటి వేగమున సుఖముగా, రెండవ వేగమున కష్టముగా తలుపును నిలుపును. ఇక్కడ కూడ పెద్ద సర్వో కొనుట మందమతి మార్గము. తలుపు పూర్తిగా తెరచుకొన్నపుడు సర్వో చేయియు పుష్‌రాడ్డును ఒకే గీతపైకి వచ్చునట్లు రంధ్రములను ఎంచుకొన్నచో, గాలి మోపు భారము సర్వో ఇరుసుమీదికి పోవును, పళ్ళచక్రములమీద పడదు. తలుపు బరువు కేంద్రమునకు దిగువన గాలిని పట్టును గనుక ముక్కు కొంచెము వంగును. ట్రాన్స్‌మిటరులో ఎలివేటరును ఆ మేరకు కలిపి సరిదిద్దుకొనవచ్చును.

ఎగురవేయుట వేరొక ప్రకరణము. బేగంపేట, హకీంపేట, దుండిగల్, శంషాబాదు – ఇన్ని విమానక్షేత్రముల నడుమనున్న నగరములో, 2021 ఆగస్టు 25 న వెలువడిన డ్రోన్ నిబంధనల పటము చూడక మైదానమునకు పోరాదు. రెండు కిలోలు దాటిన నా కిరణ్ వాటి ప్రకారము చిన్న తరగతిలోనిది, కంటిచూపు మేరలోనే ఎగురవలసినది.

పోయిన వారము, ఎన్.సి.సి. వాయువిభాగములో నమూనాలు చేయుట నేర్చిన ఇంజనీరింగు విద్యార్థి యొకడు నా బల్ల చెంత నిలిచి, తీగెల కట్టను చూచి అడిగినాడు:

“సార్, కాళ్ళకీ బ్రేకుకీ ఒక్కటే స్విచ్ పెడితే అయిపోతది కద? రెండూ దిగేటప్పుడే కావాలె. ఒక చానల్ మిగుల్తది.”

“మిగిలిన చానల్‌తో ఏం చేస్తావు బాబూ?”

“లైట్లు పెట్టొచ్చు సార్.”

నేను ఒప్పుకొనలేదు. దిగుచున్న విమానమునకు అడ్డముగా ఒక గేదెయో, క్రికెట్టు బంతి వెంట పరుగెత్తు పిల్లవాడో వచ్చినచో దింపుట మానుకొని మోటారు పెంచి మరల పైకి పోవలెను. అప్పుడు కాళ్ళు దిగియే యుండవలెను, మళ్ళీ నేల తగిలినను ప్రమాదము లేకుండుటకు. బ్రేకు మాత్రము తత్‌క్షణమే మూతపడవలెను, లేనిచో ఎక్కుటకు కావలసిన బలమంతయు అది మ్రింగివేయును. ఒక్క స్విచ్చునకు ఈ రెండు ఆజ్ఞలను ఒకేసారి ఇచ్చుట తరముకాదు. అంతేగాక, కాళ్ళు దిగి యున్నపుడు తలుపు సగమునకు మించి తెరచుకొనరాదు, నేలకు తగులును. కావున బ్రేకునకు వేరుగా స్విచ్చు. దానికి తోడు, థ్రాటిల్ సగము దాటగనే బ్రేకు తానే మూతపడునట్లు ట్రాన్స్‌మిటరులో మిక్సు. కుర్రవాడు ఆలోచించి, “అయితే లైట్లు రిసీవర్ బ్యాటరీకే డైరెక్టుగ పెడదాం సార్, ఎప్పుడూ వెలుగుతుంటయి,” అని, స్విచ్చు తెచ్చుటకు గుజరాతీ గల్లీకి పోయినాడు.