జీపు పక్కన నీడ

కామవరపుకోట మండలంలోని గుంటుపల్లి బౌద్ధ గుహలకు మే ఎండలో జీపేసుకుని వెళ్లేవాళ్లకు బండి పక్కన ఓ గుడ్డ పందిరి కావాలి. ట్రాక్టర్లకు టాపులు కుట్టే చేతులే ఆ పనికి తగినవని నా నమ్మకం.

మంచి పనివాడు గుడ్డకంటే ముందు బండిని చూస్తాడు. బరువు పల్చటి రేకు మీద పడనివ్వడు. క్యారియర్ పైపుకే క్లాంపులు బిగిస్తాడు. మన రోడ్లకు పందిరి బండి ఎడమ పక్కనుంటేనే మేలు, వాహనాలు అటు రావు. గుడ్డ అంచు రెండు మడతలు వేసి, ఆ మడతలోనే ఇత్తడి రింగులు కొడతాడు. అసలు విద్యంతా వాలులో ఉంది: చదునుగా కడితే వాననీరు మధ్యలో నిలిచి, ఆ బరువుకు గొట్టాలు వంగిపోతాయి. అందుకే బయటి కొసను, అందులోనూ ఒక మూలను, కాస్త దించుతాడు. ఎంత దించాలో కంటితోనే తేల్చే ఆ నేర్పంటే నాకెంతో గౌరవం. గాలిదుమారం లేస్తే ఒక్కరే చుట్టేసుకునేలా పట్టీలూ ఆయనే కుడతాడు.