పన్నెండు గళ్ళ పట్టిక

రెన్ అండ్ మార్టిన్ ఇంగ్లీషు వ్యాకరణం మన ఇళ్ళలో చాలాచోట్ల పెద్దబాలశిక్ష పక్కనే పీట వేసుక్కూర్చున్న పుస్తకం. 1924లో 'బో జెస్ట్' నవల రాసిన పి.సి. రెన్‌గారే దీని కర్తల్లో ఒకరు. నవలాకారుడు గదా, క్రియల కథ రసవత్తరంగా చెబుతాడనుకుంటాం. చేతికొచ్చేది మాత్రం మూడు కాలాలు, ఒక్కొక్కదానికి నాలుగు రూపాలు - వెరసి పన్నెండు గళ్ళు. ఎక్కాల్లా వల్లెవేయడానికి భేషుగ్గా ఉంటాయి.

చిక్కల్లా వాడుకలో వస్తుంది. 'నిన్న' అన్నచోట ప్రెజెంట్ పర్‌ఫెక్ట్ పనికిరాదని పుస్తకం స్పష్టంగానే చెబుతుంది. మంచిదే. మరి దాని పని ఏమిటి? "ఐ లాస్ట్ మై కీ" అంటే తాళంచెవి పోయిన ముచ్చట. తర్వాత దొరికిందో లేదో ఆ మాట చెప్పదు. "ఐ హావ్ లాస్ట్ మై కీ" అన్నాడంటే, పాపం, మనిషి ఇంకా గుమ్మం ముందే నిలబడి ఉన్నాడన్నమాట! మనకి రెండింటికీ "పోగొట్టుకున్నాను" ఒక్కటే. "ఇంకా దొరకలేదండీ" అని వేరే చెప్పుకుంటాం. అలాగే "రోజూ వస్తాను", "రేపు వస్తాను" - మన క్రియ ఒకటే, ఇంగ్లీషుకి రెండు కావాలి.

ఈ సంగతి ఎవరూ చెప్పని కుర్రాడు ఇంటర్వ్యూలో నోరు మెదపలేక, తనకి తెలివే లేదనుకుంటాడు. సూత్రం చెప్పడంలో రెన్, మార్టిన్‌లకు వంక పెట్టలేం. వినేవాడి ఇంటిభాష ఏమిటో మాత్రం వాళ్ళు అడగలేదు.

పట్టిక పారెయ్యమనను. ప్రతి గడి పక్కనా మన వాక్యం ఒకటి రాసుకోండి. ఆ పుస్తకంలో లేని అధ్యాయం అదే.