రంగు హద్దు దాటిన చోట

ఇంట్లో పోచంపల్లి చీర ఒకటి ఉంటే తీసి, వెలుతురు బాగా పడే చోట పరచండి. దూరం నుంచి చూస్తే ముక్కోణాలూ చతురస్రాలూ మెట్లుమెట్లుగా పేర్చిన లెక్కలాగే ఉంటుంది. కాబట్టి దగ్గరికి రండి, ఇంకాస్త దగ్గరికి, పోగులు విడివిడిగా కనిపించేంత దగ్గరికి. ఇప్పుడు ఎరుపు తెలుపును తాకే చోట చూపు నిలపండి. ఎరుపు హద్దు దగ్గర ఆగలేదు! ఒక పోగులో రవ్వంత ముందుకు జరిగింది, పక్క పోగులో రవ్వంత వెనక్కి తగ్గింది, ఆ పై పోగులో మళ్లీ ముందుకు వచ్చింది. గీత పొడవునా సన్నటి వణుకు. తెల్లని వాకిట్లోకి తొంగిచూసి, చూసింది చాలదని ఇంకో అడుగు వేసి, అంతలోనే సిగ్గుపడి తగ్గిన ఎరుపు అది. ఎంత లేత అల్లరి! ఎంత సొగసైన అవిధేయత! ఆ చీరలో గళ్లన్నీ మనిషి గీసినవే. ఈ వణుకును మాత్రం ఎవరూ గీయలేదు.

అది ఎలా వచ్చిందో తెలిస్తే ముచ్చట రెట్టింపవుతుంది. చిటికి పనిలో, అంటే ఇక్కత్‌లో, బట్ట నేశాక రంగు వేయరు, నేతకు ముందే నూలుకు వేస్తారు. పోగుల్ని కట్టగా చేర్చి, గుర్తులు పెట్టి, రంగు అంటకూడని చోటల్లా రబ్బరు పట్టీ చుట్టి బిగిస్తారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కట్లు విప్పుతారు, మరో చోట కడతారు, మరో రంగులో ముంచుతారు. కట్టు ఎంత బిగువుగా ఉన్నా దాని అంచు కిందికి రంగు ఒక వెంట్రుకవాసి పాకుతూనే ఉంటుంది. ఎంత పాకాలన్నది ఎవరు చెప్పగలరు? పొద్దున వేళ్లలో సత్తువ ఉన్నప్పుడు వేసిన కట్టు వేరు, సాయంత్రం అలసిన వేళ్లు వేసిన కట్టు వేరు. మధ్యలో పిల్ల ఏడ్చి ఉంటుంది, పొయ్యి మీద అన్నం పొంగి ఉంటుంది, గుమ్మంలోకి ఎవరో వచ్చి పలకరించి ఉంటారు. చెయ్యి ఒక్క క్షణం సడలి ఉంటుంది. ఆ రోజు ఆ ఇంట్లో జరిగినదంతా ఆ కట్టులోకి చేరింది, కట్టులోంచి రంగులోకి, రంగులోంచి చీరలోకి!

అందుకే నమూనా ఒకటే అయినా రెండిళ్లలో రెండు చీరలు పుడతాయి. ఒకే పడుగు మీద వరసగా నేసినవి కూడా, ఒక తల్లి పిల్లల్లా, పోలిక తప్పకుండానే ఎవరికి వారుగా ఉంటాయి. మనుషులను కూడా నేను ఈ అంచుల దగ్గరే పోల్చుకుంటాను. చదువూ కొలువూ నడవడీ అందరికీ దాదాపు ఒకే నమూనాలోవి. జోక్ విన్నాక అందరూ నవ్వేసి ఊరుకుంటే అప్పుడు మొదలయ్యే ఒకరి నవ్వు, ఉత్తరంలో ‘ళ’ రాసినప్పుడల్లా కింది వరస దాకా తోక లాగే ఒకరి చెయ్యి, ఫోన్ పెట్టేస్తానని చెప్పి గుమ్మం దగ్గర నిలబడ్డట్టు ఇంకో పావుగంట మాట్లాడే గొంతు – వీటిని ఎవరూ నేర్పలేదు, వాళ్లూ కోరి తెచ్చుకోలేదు. ఎక్కడో కట్టు కాస్త వదులైంది, రంగు కాస్త పాకింది. ఆ పాకిన మేరే మనకు వాళ్లు!

పోచంపల్లి ఊరికి కూడా అనుకోనిదానితో చుట్టరికం ఉంది. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే అక్కడికి వచ్చినప్పుడు, దున్నుకోవడానికి 80 ఎకరాలు కావాలని దళితులు అడిగారు. ఎవరైనా ఇవ్వగలరా అని ఆయన సభలోనే అడిగితే, భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి లేచి 100 ఎకరాలు ఇస్తానన్నారు. ముందుగా అనుకున్న కార్యక్రమంలో ఆ మాట లేదు. భూదానోద్యమం అలా మొదలైంది, ఊరు భూదాన్ పోచంపల్లి అయింది.

అయితే ఈ నేతలోని కష్టాన్ని కూడా అందంలో కలిపి పాడేవాళ్లతో నాకు పేచీ ఉంది. కట్లు కట్టడానికి ముందు ఆసు పోయాలి. ఒక కొసన ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రంలా మేకుల వరస. వాటి చుట్టూ పోగును చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ ఆడాలి. ఎక్కువగా ఆడవాళ్ల పని, భుజాలు పడిపోయే పని. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి ఆ బాధ పడటం చూసి పెరిగిన చింతకింది మల్లేశం, ఏళ్ల తరబడి తంటాలు పడి 1999లో ఆసు యంత్రం తయారుచేసి, దానికి ఆమె పేరే పెట్టారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. యంత్రం వచ్చాక చీర కళ తగ్గిందా? ఇసుమంతైనా లేదు! పోగు తిప్పే నొప్పి పోయింది, కట్టు కట్టే చెయ్యి అలాగే ఉంది. అమ్మ భుజం నొప్పిలో అందమేదీ లేదు, ఎన్నడూ లేదు.

ఇక తేలియా రుమాలు దగ్గర ఆగకుండా వెళ్లలేను. చీరాలలో వెలసి, పుట్టపాకలో ఇప్పటికీ ఊపిరి పోసుకుంటున్న బట్ట అది. నూలును నూనెలో, ఆముదపు కాయల బూడిదలో మళ్లీ మళ్లీ నానబెట్టి, పిసికి, ఎండబెట్టి మెత్తగా లొంగదీస్తారు. ఆ జిడ్డు వాసన నేశాక కూడా వదలదు. ఎరుపు, నలుపు, తెలుపు, అంతే! అరబ్బు దేశాల్లో తలపాగాలుగా వెలిగిన రుమాళ్లివి. ఇందులో పడుగూ పేకా రెండూ ముందే కట్టి అద్దినవి. నిలువు పోగు ఎరుపూ అడ్డం పోగు ఎరుపూ మగ్గం మీద సరిగ్గా ఒకచోట కలుసుకోవాలి. నేతగాడు నాడె విసిరి, ఆగి, వేలి కొనతో పోగును ఒక్క పిసరు జరిపి, మళ్లీ విసురుతాడు. కలిసిన చోట ఎరుపు గడ్డకట్టినట్టు చిక్కగా నిండుతుంది, కలవని చోట పొగలా పలచబడుతుంది. ఆ రెండింటి నడుమ ఎన్ని ఎరుపులో! పాత రుమాళ్లలో సింహాలూ ఏనుగులే కాదు, గడియారాలూ విమానాలూ కనిపిస్తాయి. తలెత్తి చూసినప్పుడు ఆకాశంలో పోయిందేదో చుక్కల గళ్లలోకి దిగివచ్చి వాలింది. నిన్నటి వింత నేటి బుటా అయింది!

పట్టు పోచంపల్లిని పెళ్లిపందిట్లో అందరూ మెచ్చుకుంటారు, నేనూ మెచ్చుకుంటాను. కానీ నా మనసు నూలు చీర మీద, అదీ ఏళ్ల తరబడి కట్టి ఉతికిన చీర మీద. గంజి దిగి మెత్తబడి, ఎండకు నీలం ఒక వన్నె తగ్గి, పమిట నిలిచే భుజం దగ్గర కాస్త పలచబడి, అద్దకంలో మొదలైన వణుకు వాడకంలో ఇంకా ఇంకా మృదువైపోతుంది. ఆర్టీసీ బస్సులో కిటికీ పక్కన కూర్చున్న ఒక పెద్దావిడ కొంగు గాలికి ఆడుతుంటే, నల్లటి మెట్ల మధ్య పసుపు ఒకచోట చెదిరి మెరిసింది. ఆవిడ చూపు బయట ఉంది, ఒళ్లో కూరగాయల సంచి ఉంది, ఆ మెరుపు సంగతి ఆవిడకు తెలియదు. ఆహా, ఏ ప్రదర్శనశాలలో అద్దం వెనక పెడితే దొరుకుతుంది ఆ క్షణం! బస్సు మలుపు తిరిగింది, నీడ పడింది, పసుపు మామూలు పసుపైపోయింది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. అయినా అదే గళ్లను యంత్రం మీద అచ్చుగుద్ది, పోచంపల్లి డిజైన్ అనే పేరుతో చవకగా అమ్మేవాళ్లకు కొదవ లేదు. ఆ ముద్రలోనూ వణుకు ఉంటుంది, కానీ గజానికి గజం ఒకటే వణుకు. కనిపెట్టడం కష్టం కాదు. బట్ట తిప్పి చూడండి: అచ్చు వేసినది చాలాసార్లు వెనకవైపు వెలవెలబోతుంది, చిటికి నేత రెండు వైపులా ఒకేలా పలుకుతుంది. హైదరాబాదు నుంచి పోచంపల్లి సుమారు 50 కిలోమీటర్లే. ఈసారి చీర కొనాలనుకున్నప్పుడు ఒక పూట అక్కడికి వెళ్లండి, మగ్గం పక్కన కాసేపు కూర్చోండి, నేసినవాళ్ల దగ్గరే కొనండి.